చుక్క లారీ

ఆడదానికి ఏదో ఒక రూపంలో సవతి ఉండకపోదని మా అమ్మమ్మ అంటుండేది. ఒకావిడకి పేకముక్కలు, ఒకావిడకి రాజకీయాలు, మా పక్కింటావిడకి క్రికెట్టు. నాకేమో ఆరు టైర్ల లారీ. పోనీ నా తరవాత వచ్చిందా అంటే అదీ కాదు. నేను కాపురానికి వచ్చేటప్పటికే అది మా పెరట్లో, పాకకింద, ఇటుక దిమ్మెలమీద స్థిరంగా కూర్చుని ఉంది. కుడికాలు ముందుపెట్టి నేను గడప దాటుతుంటే, వంకరపోయిన బంపరుతో నావంక చూసి నవ్వినట్టే అనిపించింది.

మాది పలాసకి అవతల, సముద్రం వైపు. ఉద్యానవనమే ఉద్దానమైందంటారు గదా, ఆ కొబ్బరితోటల నడుమ ఊరు. ఇక్కడ ఏ పెరట్లో చూసినా కొబ్బరి, పనస, జీడిమామిడి కనిపిస్తాయి. లారీ కనిపించే పెరడు మాత్రం మాదొక్కటే.

మా మామగారు దాన్ని 1976లో విశాఖపట్నంలో పాతబండిగా కొన్నారు. తయారైంది 1967లో, జంషెడ్‌పూర్‌లో. టాటావాళ్లు జర్మనీ బెంజి కంపెనీతో ఒప్పందం చేసుకుని 1954లో లారీలు చెయ్యడం మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిసేదాకా వాటి ముక్కుమీద బెంజివారి గుర్తు, గుండ్రటి చట్రంలో మూడు కోణాల చుక్క, ఉండేది. తరవాత చుక్క పోయి ‘టి’ అక్షరం వచ్చింది. అందుకని చుట్టుపక్కల ఊళ్లలో మా బండిని ‘చుక్క లారీ’ అనేవారట. జీడిపిక్కలు పలాసకి, ఉప్పు నౌపడనుంచి, కొబ్బరికాయలు ఎక్కడ అడిగితే అక్కడికి. ఇరవై మూడేళ్లు తిరిగి 1999లో అది పాకకింద ఆగిపోయింది. దాన్ని కదులుతుండగా నేనెన్నడూ చూడలేదు.

అలా ఉంటే ఉండేదే. 2021 జూలైలో ఓ ఉదయం మావారు పేపరు చదువుతూ చదువుతూ ఒక్క ఉదుటున లేచారు.

"విన్నావా? యాభై ఏళ్లు దాటిన బళ్లకి వేరే రిజిస్ట్రేషనట! ఇరవై వేలు కడితే పదేళ్లు. నంబరులో ‘వి.ఏ.’ అని ప్రత్యేకంగా అక్షరాలు కూడా వేస్తారట!"

"మంచిదేగా" అన్నాను. నా బాధ నాది. నవలలో నా కథానాయిక రైలెక్కాలా మానాలా అని మూడురోజులుగా ప్లాట్‌ఫారంమీద నిలబడి ఉంది.

"మన లారీకి యాభై నాలుగు!" అన్నారాయన. కొడుక్కి ఇంజనీరింగు సీటొచ్చినప్పుడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు నేను.

అంతే. ఆ రోజునుంచీ ఆదివారాలూ, రెండో శనివారాలూ, పండగ సెలవులూ అన్నీ పాకకిందే. బ్యాంకులో పొద్దస్తమానం ఇస్త్రీ చొక్కాతో కూర్చునే మనిషి, సెలవొస్తే లుంగీ ఎగ్గట్టి లారీకింద పడుకునేవారు. భోజనానికి పిలవాలంటే ఆ కాళ్లతోనే మాట్లాడాలి.

లారీని బాగుచెయ్యడమంటే ముందు తుప్పుతో యుద్ధం. ఉప్పు తిన్న విశ్వాసం అంటాం. మా లారీ విషయంలో తిన్నది ఉప్పే. నౌపడ ఉప్పు బస్తాలు ఏళ్లతరబడి కారి కారి తొట్టి అడుగునా, చాసిస్ కీళ్లలోనూ చేరి ఇనుమును పొరలు పొరలుగా తినేసింది. వేలితో తడితే మడతకాజాలా రాలుతోంది. నట్లకీ బోల్టులకీ తేడా తెలియడంలేదు, రెండూ కలిసి ఒకే ముద్ద. వాటిని కిరసనాయిల్లో నానబెట్టడానికి నా వంటింటి గిన్నెలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఆవకాయ కలుపుకునే పళ్లెంలో వాల్వులు తేలాడిన రోజున, బి.ఏ. చదువుకున్న దాన్నయినా, పెద్దగొంతుతోనే మాట్లాడాను.

మావారి చేతిలో పని తెమలదని తెలిశాక టెక్కలినుంచి మేస్త్రి వచ్చాడు. గ్రానైటు మోసే లారీలు బాగుచేసిన చెయ్యి. చిన్నప్పుడు రెండేళ్లు ఈ చుక్క లారీకే క్లీనరుగా తిరిగాడట. వచ్చీరాగానే బానెట్టుమీద అరచెయ్యి వేసి, జ్వరం చూసినట్టు చూసి, "బిగిసిపోనాది. ఇంజిన్ని బలవంతం సెయ్యకూడదు బాబూ. నూనె పోసి ఒగ్గీయాల. అదే వదుల్తాది" అన్నాడు. ఆరు సిలిండర్లలోనూ డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, పది రోజులు ముట్టుకోలేదు. పదకొండోరోజున చక్రాన్ని పెద్ద కమ్మీతో మెల్లగా ఇటూ అటూ ఊపితే, వేలెడంత కదిలింది. మావారు అక్కడే నేలమీద చతికిలబడ్డారు. ఇరవై రెండేళ్ల నిద్ర గదా.

తరవాత తెలిసింది, ఇలాంటి పిచ్చి మావారొక్కరికే కాదని. నిజాం ప్రభుత్వం 1932లో ఇరవై ఏడు బస్సులతో రవాణా మొదలుపెట్టింది గదా, ఆ కాలంనాటి ఆల్బియన్ బస్సొకదాన్ని హైదరాబాదులో ఆర్టీసీవాళ్లు ముస్తాబుచేసి ప్రదర్శనకి పెట్టుకున్నారు. "చూశావా, ప్రభుత్వమే చేసింది" అన్నారాయన. "ప్రభుత్వానికి ఆవకాయ పళ్లెం అక్కర్లేదు గదండీ" అన్నాను.

ఇక చుక్క సంగతి. ముక్కుమీద ఉండాల్సిన చుక్క లేదు. దాని చోట రెండు కన్నాలు మిగిలాయి. చుక్కలేని చుక్క లారీ ఏమిటని మావారు శ్రీకాకుళం పాతసామాన్ల దుకాణాలన్నీ గాలించారు. విశాఖపట్నం వెళ్లారు. విజయవాడ ఆటోనగర్‌కి రాత్రి రైలెక్కి పొద్దున్నే దిగారు. ఒకచోట ‘టి’ దొరికింది, ఒకచోట సగం చుక్క దొరికింది. ఇంటికొచ్చి దిగాలుగా వంటింట్లో పీటమీద కూర్చున్నారు. మా అత్తగారు పప్పుగిన్నె దించుతూ, "ఏటి ఎతుకుతున్నాడే అమ్మీ ఈడు?" అని నన్నడిగారు. చెప్పాను. ఆవిడ గిన్నె పైకెత్తి, కింద ఉన్నదాన్ని కాలితో ముందుకు తోశారు. "ఈ సక్రమేనేటి?"

అదే! మసిబారి, పులుసు మరకలు పడి, మూడు కోణాల బెంజి చుక్క. అది ఊడిపడిన రోజున ఆవిడ దాన్ని తెచ్చి గిన్నెకింద కుదురుగా వేసుకున్నారట. జర్మనీవారి గుర్తు మా ఇంట్లో ఇరవై ఏళ్లకి పైగా పప్పుగిన్నె మోసింది. ఆ గిన్నె దించిందీ, ఎత్తిందీ నేనే. ఒక్కనాడైనా కిందకి చూశానా! పాత్రల మనసుల్లోకి తొంగిచూస్తానని నా నవలల గురించి ఎవరో రాశారు. పాత్రలకింద కూడా చూడాలని ఆ రోజున తెలిసింది.

చుక్క దొరికాక అసలు గొడవ మొదలైంది. సెలవులకి వచ్చిన మావాడు లారీ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, "నాన్నా, దీన్ని కస్టమైజ్ చేద్దాం" అన్నాడు. వెనక పడకలు, చిన్న వంటిల్లు, ఏసీ, రంగురంగుల దీపాలు, తలుపు తీస్తే పాట. "2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీల కేబిన్లకి ఏసీ ఉండి తీరాలని రూలే పెట్టారు. మనమెందుకు పెట్టుకోకూడదు?" అని వాడి వాదం. మావారికి ఒళ్లు మండింది. "ఒక్క బోల్టు కూడా మార్చడానికి వీల్లేదు. ఒరిజినల్ అంటే ఒరిజినల్!"

అప్పుడు మేస్త్రి బీడీ ఆర్పి ఒక మాటన్నాడు. "ఒరిజినలంటే ఏటి బాబూ? కంపెనీవోడు ఇచ్చింది చాసిస్సూ, ఇంజినూ, ముక్కూనూ. ఎనక తొట్టి కట్టింది మన వడ్రంగోలే."

నిజమే. ఆ రోజుల్లో లారీ కొనడమంటే అస్థిపంజరం కొనడమే. డ్రైవరు తలకి గుడ్డ చుట్టుకుని, ఆ బోడి చాసిస్‌మీదే ఫ్యాక్టరీనుంచి తోలుకొచ్చేవాడు. తరవాత ఏ ఊరి వడ్రంగి ఆ ఊరి కలపతో కట్టేవాడు. ఏ ఊరి పెయింటరు ఆ ఊరి పువ్వులూ, దేవుళ్లూ వేసేవాడు. అంటే మనదేశంలో ప్రతి లారీ పుట్టుకతోనే కస్టమైజ్ అయిందన్నమాట. తండ్రీకొడుకులిద్దరూ కాసేపు మాట్లాడలేదు.

తొట్టి అడుగు చెక్కలు పూర్తిగా పోయాయి. కొత్తవి వెయ్యాలి. దానికి కలప మా ఇంట్లోనే ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా వజ్రపుకొత్తూరు తీరాన్ని దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా ఒకే దిక్కుకి పడుకున్నాయి. గంటకి నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల గాలి. ఆ ఉదయం తలుపు తీసి చూస్తే ఆకాశం ఒక్కసారిగా పెద్దదైపోయినట్టుంది. మా అత్తగారు కొత్తకోడలిగా వచ్చినప్పుడు నాటిన పనసచెట్టు కూడా లారీకి జానెడు దూరంలో కూలింది. కొబ్బరిచెట్లని ఎవరెవరో పట్టుకుపోయారు గానీ, పనసమొద్దుని మాత్రం ఆవిడ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు దాన్నే కోయించారు. పసుపుపచ్చటి చెక్క. కోస్తుంటే పెరడంతా పండుగ వాసన.

ఆ చెక్కకి చెద పట్టకుండా జీడినూనె పూశారు. జీడిపిక్క తొక్కలోంచి తీసే ఆ నల్లటి నూనెని పడవల చెక్కలకి పూయడం పాత అలవాటు. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తుంది దాని సంగతి. అదే నూనెతో చేసే పొడిని లారీ బ్రేకు లైనింగుల్లో కూడా కలుపుతారని ఆ సందర్భంలోనే తెలుసుకున్నాను. ఎంత రాపిడికీ, వేడికీ అది జారిపోకుండా పట్టుకుంటుందట. మనం పప్పు తిని తొక్క పారేస్తాం గానీ, ఘాట్‌రోడ్డులో లారీని ఆపేది ఆ తొక్కే. ఇంటిల్లిపాదినీ ఆపి నిలబెట్టే మనుషుల్ని కూడా మనం అలాగే పట్టించుకోం.

చివరికి రంగు. బ్లేడుతో గీకుతుంటే ఒకదానికింద ఒకటి బయటపడ్డాయి. పైన వెలిసిన ఎరుపు, దానికింద ఆకుపచ్చ, దానికింద నీలం, అట్టడుగున పసుపు. "ఇదీ అసలు రంగు!" అని మావారు పసుపు డబ్బాలకి బయల్దేరబోయారు. అరుగుమీంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఆ పసుప్పచ్చ లారీ ఎవుడిదోరా. నానెరగను. మన లారీ ఆకుపచ్చది."

మావారు చెప్పులు విడిచి వెనక్కి వచ్చారు. లారీ ఆకుపచ్చదైంది.

కేబిన్ లోపల గీకుతున్నప్పుడు, డ్రైవరు తలుపు పక్క రేకుమీద గీతలు కనిపించాయి. మేకుతో గీసినవి. నాలుగు నిలువుగీతలు, వాటిమీద అడ్డంగా ఒకటి. మళ్లీ నాలుగు, మళ్లీ అడ్డంగా ఒకటి. మావారు లెక్కపెట్టారు. నూట పద్నాలుగు. "నాన్నగారి బస్తాల లెక్క అయుంటుంది" అన్నారు ముచ్చటగా. పెయింటరు చేతిలో లప్పం ముద్దతో, "పూసీమంటారా?" అన్నాడు.

అత్తగారు ఎప్పుడొచ్చారో, కిందనుంచి తలెత్తి చూస్తున్నారు.

"ఒగ్గీ" అన్నారు. "అయ్యి బస్తాల లెక్క కాదురా నాయినా. మీ నాన్న ఇశాపట్నం ఎల్లొచ్చిన రోజులు."

మీకు ఉద్దానం పేరు చెప్పగానే కొబ్బరికాయ గుర్తొచ్చిందో, కిడ్నీ జబ్బు గుర్తొచ్చిందో నాకు తెలియదు. మా మామగారికీ అదే జబ్బు. ఎల్ సాల్వడార్, నికరాగ్వా దేశాల్లోని చెరకుతోటల్లోనూ, శ్రీలంక వరిపొలాల మధ్యా ఇలాంటి జబ్బే కష్టజీవుల్ని తినేస్తోంది. ఎండా, నీళ్లా, మందులా, ఇదీ కారణమని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలోనే కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మా మామగారి రోజుల్లో, 2008లో, డయాలసిస్‌కి వారానికి రెండుసార్లు విశాఖపట్నం వెళ్లాల్సి వచ్చేది. దాదాపు రెండువందల కిలోమీటర్లు, మళ్లీ అంత వెనక్కి. జీవితమంతా స్టీరింగు పట్టుకున్న మనిషి, బస్సులో కిటికీకి తలానించుకుని వెళ్లేవారు.

తిరిగొచ్చిన సాయంత్రాలు ఆయన లారీ ఎక్కి కూర్చోవడం నాకు తెలుసు. నీళ్లు లెక్కగా తాగాలి గనక, అర గ్లాసు టీ అక్కడికే అందించేదాన్ని. ఆయన రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, అద్దంలోంచి ముందున్న పనసచెట్టుకేసి చూస్తూ ఉండేవారు. గాలికోసం కూర్చున్నారనుకునేదాన్ని.

"దిగీముందల ఒక గీత గీసీవోడు" అన్నారు అత్తగారు. "ఎన్నిసార్లు పోయొస్తే బండి మళ్లీ తీస్తానో సూడాల గదా, అనీవోడు."

నూట పద్నాలుగో గీత తరవాత రేకు నున్నగా ఉంది.

ఎవరూ ఏమీ అనలేదు. పెయింటరు లప్పం ముద్దని డబ్బాలో పెట్టి మూత బిగించాడు. మావాడు దిగివెళ్లి, నీళ్లు తాగే నెపంతో చాలాసేపు నుయ్యిదగ్గరే ఉన్నాడు. వాడికి తాతయ్య ముఖం లీలగానే గుర్తు. ఆ తరవాత ఏసీ మాట మళ్లీ ఎత్తలేదు. కేబినంతా ఆకుపచ్చ రంగు వేశారు గానీ, ఆ జానెడు రేకు మాత్రం వెలిసిన ఎరుపుతో అలాగే ఉంది.

అన్నట్టు, ఆ వి.ఏ. నంబరు మాకు రాలేదు. నవలలు రాసేదాన్ని గనక నేను ఏ వాక్యాన్నయినా చివరిదాకా చదువుతాను. మావారు సగంలోనే లేచారు గదా! ఆ నిబంధన రెండు చక్రాల, నాలుగు చక్రాల బళ్లకి, అదీ వ్యాపారానికి కాకుండా సొంతానికి వాడుకునేవాటికి. మాది ఆరు టైర్ల సరుకు లారీ. పైగా నంబరొచ్చినా రోజూ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ మాత్రమే. ఈ సంగతి నాకు మొదటి నెలలోనే తెలుసు. ఎందుకు చెప్పలేదంటారా? ప్లాట్‌ఫారంమీద నిలబడ్డ మనిషి రైలెక్కుతుంటే నేనెందుకు చెయ్యి పట్టుకుని ఆపాలి? తీరా రెండేళ్ల తరవాత బెరుగ్గా చెబితే, "నాకూ తెలుసులే" అన్నారాయన.

2024 సంక్రాంతి మర్నాడు, కనుమనాడు, బండి తీశారు. రోడ్డుమీదికి కాదు, మా తోటలోకి. మేస్త్రి డీజిలు గొట్టాల్లోంచి గాలి తీసేశాడు. నిమ్మకాయలు నాలుగు టైర్లకింద పెట్టాలా ఆరింటికీ పెట్టాలా అన్న చర్చ ఆరుదగ్గర తేలింది. మీట నొక్కితే రెండుసార్లు మూలిగి ఊరుకుంది. మూడోసారి నల్లటి పొగ వదిలి, పాకంతా వణికేట్టు అందుకుంది. కొబ్బరిచెట్లమీంచి కాకులన్నీ లేచిపోయాయి. మేస్త్రి చెవి ఒగ్గి విని, "అదే గొంతు" అన్నాడు.

అత్తగారు క్లీనరు వైపు ఎక్కాలి. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, కేబిను ఎత్తు. మావాడు పాకలోంచి ఒక చెక్కమెట్టు తెచ్చి తలుపుకింద కొక్కేనికి తగిలించాడు. మిగిలిన పనసచెక్కతో ఎవరికీ చెప్పకుండా చేశాడట. మా లారీకి జరిగిన కస్టమైజేషను మొత్తంమీద అదొక్కటే. ఆవిడ తను నాటిన చెట్టుమీద కాలు వేసి, తన లారీ ఎక్కారు.

అర కిలోమీటరు. అటు పోయి ఇటు వచ్చాం. తిత్లీ తరవాత నాటిన కొబ్బరిమొక్కలు అప్పటికి మనిషెత్తు దాటాయి. వాటి మధ్యనుంచి మొదటి గేరులో, పెళ్లి ఊరేగింపులా నడిపించారు మావారు. చొక్కా చెమటతో తడిసి వీపుకి అంటుకుంది. ముక్కుమీద చుక్క, తోమిన వెండిగిన్నెలా మెరుస్తోంది. ఆగాక తల్లివైపు తిరిగి, చిన్నపిల్లాడిలా అడిగారు. "ఎలా ఉందమ్మా?"

అత్తగారు ఆ జానెడు రేకుకేసి ఒకసారి చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని, నెమ్మదిగా మెట్టుమీద కాలు పెట్టారు.

"బాగుంది గానీ, మీ నాన్న ఇంత మెల్లగా తోలీవోడు కాదు" అన్నారు. నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగారు. "మరి పప్పుగిన్నె కిందకి ఏటి పెట్టమంటావు?"